కూలర్ హోరులో మా పాప గొంతు

ఆ ఏడు ఎండలు ముదిరినప్పటి నుంచీ మా పాప గొంతు బొంగురుగానే ఉంది. మొదట ఐస్‌క్రీం మీద నేరం మోపాం, తర్వాత ఘాజియాబాద్ దుమ్ము మీద. జూలైలో బడి తెరిచాక పిల్లలు దాన్ని "అంకుల్" అని పిలవసాగారు. జవాబు తెలిసినా చెయ్యెత్తడం మానేసింది.

డాక్టరు గొట్టంతో చూసి, స్వరతంత్రుల మీద చిన్న కాయల్లాంటివి ఉన్నాయన్నాడు. కోత అక్కర్లేదు, గొంతు వాడే తీరు మారాలంటూ నోయిడాలో ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాడు. అక్కడికింకా మెట్రో రాలేదు. బస్సులో వేలాడుతూ, సరిగమలు నేర్పుతారు కాబోలు అనుకున్నాను. ఆవిడ గ్లాసుడు నీళ్లలో స్ట్రా వేసి, బుడగలు ఊదుతూ "ఊ" అనమంది. ఇంట్లో చేస్తే తిట్లు తినే పని, అక్కడ వైద్యం.

"మీరూ ఊదండి, ఇంట్లో చేయించాలిగా" అంది నాతో. ఊదాను. నీళ్లు నా కళ్లద్దాల మీదికి వచ్చాయి.

"నాన్నా, ధీరే సే, మెల్లగా" అంది పాప.

"దీన్ని గుసగుసగా మాట్లాడమంటున్నాం మేడమ్" అన్నాను.

"వద్దు. గుసగుస కూడా గొంతుకి శ్రమే. ఇంట్లో అరుస్తుందా?"

"మా ఇంట్లో ఎవరూ అరవరు" అన్నాను హుందాగా.

ఆవిడ పాప వైపు తిరిగింది. "కూలర్ చల్తా హై నా," అంది పాప, "నాన్నా కో అమ్మా కీ ఆవాజ్ నహీ ఆతీ. మై బోల్తీ హూఁ."

నిజమే. నేను హోరెత్తే కూలర్ ముందు, మా ఆవిడ వంటింట్లో; ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆవిడ మాట నాకూ నా మాట ఆవిడకూ అరిచి చేరవేసేది మధ్యలో పాప. నాతో మాట్లాడటం కంఠశోష అని మా ఆవిడ అంటే మాటవరసకనుకునేవాణ్ణి. శోష ఎవరి కంఠానికో అప్పుడు తెలిసింది.

"కూలర్ ఆపండి, లేదా లేచి వెళ్లి మాట్లాడండి" అంది థెరపిస్టు.

ఆపితే మా ఇల్లు కొత్తగా వినిపించింది. పై ఇంటాయన తుమ్ములు కూడా తెలిశాయి. చెమటలు కక్కుతూ వంటింటి గుమ్మంలో నిలబడి కూర గురించి మాట్లాడుకునేవాళ్లం.

పాప రోజూ బుడగలు ఊదింది. కొన్ని వారాలకు గొంతు కాస్త తేటపడింది. ఒక సాయంత్రం ఆ గుమ్మంలోకే వచ్చి, "క్లాసులో ఆన్సర్ చెప్పాను" అంది.

"అందరికీ వినపడిందా?" అన్నాను.

"నహీ. టీచర్ ఫిర్ సే బోలో, మళ్లీ చెప్పు అన్నారు."

"గట్టిగా అరిచావా ఏంటే?" అంది మా ఆవిడ కంగారుగా.

"లేదమ్మా. టీచరే నా దగ్గరికి వచ్చారు."