అవ్వ పని ఏమని రాయాలి?

నిన్న నిజామాబాద్ పసుపు యార్డు ముందు ఆటో ఆగగానే పసుపు వాసన ముక్కుకు తగిలింది. బోధన్ వైపు పెరిగిన మిత్రులారా, ఉడికే పసుపు ఆవిరిలో చెరకు ఆకు మంట పొగ కలిసిన వాసన గుర్తుందా?

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. అవ్వ అని పిలిచేవాళ్లం. ఒక మాఘమాసంలో జనాభా లెక్కలు రాసే సారు మా కళ్లానికి వచ్చాడు. అవ్వ ఏం పని చేస్తుందని, మేం బాపు అని పిలిచే మా నాన్నను అడిగాడు.

“ఏం పని లేదు సారూ, ఇంట్లనే ఉంటది” అన్నాడు బాపు.

పని లేదట! కడాయిలోంచి పసుపు కొమ్ములు తోడుతున్న అవ్వ విసురుగా లేచి వచ్చింది.

“ఇంట్లనే ఉంటే గీ పసుపు ఎవ్వలు ఉడకబెడుతున్నరు? పొద్దుగాల చెరకుకు కాలువ నీళ్లు ఎవ్వలు కట్టిండ్రు? ఎవుసం చేస్తదని రాయి సారూ!”

సారు నవ్వి, ‘పని లేదు’ అనే రాశాడు. అవ్వ నవ్వలేదు. పసుపు అంటిన అరచేతిని ఆ కాగితం మీద గట్టిగా అద్దింది.

“రాయి మల్ల!”

సారు కొత్త కాగితం తీశాడు. ఈసారి బాపును అడగలేదు. అవ్వనే అడిగాడు.