అన్నం తినని కథానాయిక

మొన్న ఆదివారం ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్ల పక్కన పాత పుస్తకాలు పరిచి కూర్చున్నతని దగ్గర ఒక నవల తీసి, గబగబా పేజీలు తిప్పుతూ నిలబడ్డాను. "ఏం చూస్తున్నరు మేడం? సస్పెన్సా, ఫ్యామిలీయా?" అనడిగాడతను. ఉన్నమాట చెబితే నవ్వుతాడని ఊరుకున్నాను. ఆ నవలలో ఎవరైనా అన్నం తింటున్నారా అని వెతుకుతున్నాను నేను. అట్ట మీది బొమ్మ, వెనకాల మెచ్చుకోళ్ళు, ఇవన్నీ నాకు తర్వాతి సంగతి. మొదటి అధ్యాయం అయ్యేలోగా ఎవరూ ఒక్క ముద్దయినా నోట్లో పెట్టుకోకపోతే ఆ పుస్తకం మీద నాకు అనుమానం మొదలవుతుంది. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. మా అత్తగారు అంటించి వెళ్ళారు.

అంతకుముందు నా రుచులు వేరు. మాది కాకినాడ. నవలలో వాన కురవాలి, అదీ నాలుగు పేజీలు తగ్గకుండా కురవాలి, కిటికీ దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఏదో ఆలోచించుకోవాలి. కథ కదలకపోతే మరీ సంతోషం. ఆఖరి పేజీలో అందరూ గ్రూప్ ఫొటోకి నిలబడ్డట్టు నవ్వే నవలలంటే ఒళ్ళు మంట. ఆఫీసులో పరిచయమైన మనిషిని చేసుకుని నాచారం వచ్చినప్పుడు నా పెట్టెలో చీరలకంటే ఈ వాన నవలలే ఎక్కువున్నాయి. ఆ పెళ్ళి మా పుట్టింట్లో ఎవరికీ ఇష్టం లేదు, అటునుంచి పలకరింపులు కూడా లేవు. ఇక్కడ నేను "అత్తయ్యగారూ" అంటే ఆవిడ, "గారు గీరు ఎందుకే, నేనేమన్న తాసిల్దారునా? అత్తమ్మా అను" అన్నారు. అన్నానే గానీ, చాలా రోజులు చుట్టపుచూపుగా వచ్చినదానిలాగే ఆ ఇంట్లో మసలుకున్నాను.

ఇంతలో ఆవిడ కళ్ళకి శుక్లాల ఆపరేషన్లు జరిగాయి, ఒక కన్ను తర్వాత ఇంకొకటి. చదవొద్దు, పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దు అన్నాడు డాక్టరు. వారపత్రికలు కరకర నమిలేసే మనిషికి రెండూ పెద్ద శిక్షలే. అందుకని మధ్యాహ్నాలు చదివి వినిపించే పని నాకు పడింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, జడ్జీలాగా కూర్చునేవారు. మొదటిరోజే నాకిష్టమైన వాన మొదలయింది. రెండో పేజీలో చెయ్యెత్తి ఆపారు. "గా వాన సంగతి ఇడిసిపెట్టు. తడిసిన్రు, అయిపాయె. వాళ్ళు అన్నం తిన్నరా లేదా?" వెతికాను. తినలేదు. "పొద్దుగాల్ల సంది ఏడుస్తనే ఉన్నది, ఒక్క బుక్క తినలే. గంత ఏడ్వనీకె తాకత్ ఏడికెల్లి వస్తదే దానికి?" అన్నారు. ఆ పుస్తకం అక్కడితో సరి. ఆవిడ కోర్టులో అప్పీలు లేదు.

తర్వాత వరసగా చాలా నవలలు ఈ పరీక్షలో తప్పాయి. నాకు రోషం వచ్చి ఒకరోజు, కరీంనగర్ పల్లెలో జరిగే ఒక కథలో పెళ్ళి రాగానే, పుస్తకంలో లేని భోజనం ఒకటి సొంతంగా వడ్డించేశాను. అరిటాకులు, పప్పు, నెయ్యి, మా కాకినాడ పెళ్ళిళ్ళలో తప్పనిసరైన ఆవపెట్టిన పనసపొట్టు కూర. ఆవిడ నిటారుగా లేచి కూర్చున్నారు. "ఆగాగు. కరీంనగర్ దిక్కు పెండ్లిల పనసపొట్టు ఎవలు వెట్టిన్రే? కత రాసినాయనకు నువ్వు జర సాయం జేస్తున్నవా ఏంది?" ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ ఇంట్లో నేను అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

అయినా ఒక్క నవల మాత్రం పెట్టె అడుగునే దాచుకున్నాను. ఇల్లు విడిచి వచ్చిన ఒక అమ్మాయి అద్దెగదిలో ఒక వానాకాలమంతా గడపడమే అందులో కథ. కాకినాడ నుంచి వచ్చేటప్పుడు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న పుస్తకమది. దాన్ని ఆవిడ తీసిపారేస్తే నన్ను తీసిపారేసినట్టే అనిపించేది. కానీ చదవని పుస్తకాలు అయిపోయాయి. బయట నిజం వాన పట్టి, మా ఆయన డ్యూటీకి వెళ్ళిన ఒక రోజు, దాన్నే తీశాను.

ఆవిడ చెయ్యెత్తలేదు. పేజీలు గడిచాయి, వాన గడిచింది, ఒక్క ప్రశ్న లేదు. నిద్రపోయారేమోనని ఆపితే, "నిద్ర వోలే, సదువు" అన్నారు. భోజనం వేళ దాటిపోయింది, నాకు తెలియనే లేదు. ఆ అమ్మాయి తలుపు దగ్గర ఒంటరిగా నిలబడ్డ చోట ఇక చదవలేక ఆగిపోయాను. ఆవిడ లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళారు. అయిపోయింది, నచ్చలేదు అనుకున్నాను. గిన్నెల చప్పుడు కాసేపు వినిపించింది.

తిరిగొచ్చి నా ఒళ్ళో పుస్తకం తీసి పక్కన పెట్టి, అక్కడ కంచం పెట్టారు. పొద్దుట వండిన అన్నం, పచ్చిపులుసు. పొయ్యి వెలిగించొద్దన్నాడుగా డాక్టరు, అందుకని చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ చిదిమి కలిపారు. "గా పిల్ల ఎట్లాగూ తినలే. నువ్వన్న తిను బిడ్డా." తింటూనే, నచ్చిందా అని అడిగాను. "వానకాలం మస్తు రాసిండు. పిల్లకింత అన్నం వెడితే ఏం వోయేది?" అన్నారు. నా కళ్ళల్లో నీళ్ళు మిరపకాయవని ఆవిడ అనుకోలేదు, నేనూ బుకాయించలేదు. ఆ ఇల్లు నాదని ఆ పూట నమ్మకం కుదిరింది.

ఆదివారం కొన్న నవలలో రెండో పేజీలోనే ఎవరో ఉప్మా తిన్నారు, ఇక భయం లేదు. పెట్టె అడుగు నవల మాత్రం ఇప్పుడు నా మంచం పక్కనే ఉంటుంది. ఆవిడ పోయి ఏళ్ళయింది, నేనూ అప్పటి ఆవిడ వయసుకు దగ్గరపడ్డాను. ఒకప్పుడు ఏడిపించిన ఆ వాన పేజీలు రాగానే ఇప్పుడు నాకు ఆకలేస్తుంది.