ఈరన్న మూడు వేళ్ల కచేరీ

కరోనా తగ్గి బళ్లు మళ్లీ తెరిచిన ఏడాది, ఎండాకాలం. అనంతపురంలో ఒక మందుల షాపు పైన నా కీబోర్డు క్లాసు నడిచేది. పొద్దున, సాయంత్రం పిల్లలు వచ్చి సినిమా పాటలు, గ్రేడ్ పరీక్షల పాఠాలు నేర్చుకునేవాళ్లు. మధ్యాహ్నం గది ఖాళీగా ఉండేది. అప్పుడు నాకోసం నేను వాయించుకునే సంగీతం వేరే ఉండేది.

దాని పేరు మినిమలిజం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పాత పద్ధతులు వదిలి కొత్త దారులు వెతికినవాళ్లను అవాంగార్డ్ అంటారు. ఆ దారుల్లో ఇదొకటి. రెండు మూడు స్వరాలు తీసుకుని వాటినే తిప్పి తిప్పి వాయిస్తారు. ఎప్పుడో ఒక చిన్న మార్పు వస్తుంది. బెంగళూరులో ఒక వర్క్‌షాపులో మొదటిసారి విన్నప్పుడు నాకు విసుగే పుట్టింది. ఇంటికొచ్చాక మాత్రం అది చెవుల్లోంచి పోలేదు. అయినా నా దగ్గరికొచ్చే ఎవరికీ దాన్ని నేర్పాలని చూడలేదు. వినేవాళ్లుండరని నా నమ్మకం.

అలాంటి ఒక మధ్యాహ్నం లక్ష్మక్క అనే ఆమె తన భర్తను పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చింది. వెనకాలే ఆటో డ్రైవరు హార్మోనియం పెట్టె తెచ్చి దించాడు. భర్త ఈరన్నను చూడగానే గుర్తుపట్టాను. గార్లదిన్నె వైపు పల్లెల్లో పద్యనాటకం అంటే హార్మోనియం దగ్గర ఆయనే ఉండాలి. నా చిన్నప్పుడు మా నాయన భుజాల మీద కూర్చుని ఆయన వాయించడం చూశాను.

“పక్షవాతం వచ్చింది టీచరమ్మా,” అంది లక్ష్మక్క. “కాలు శానావరకు బాగైంది. మాట వచ్చింది. కుడిచేతిలో మూడు వేళ్లే కదుల్తాండాయి. పెట్టె ఎవరికన్నా ఇచ్చేయమంటాండాడు. చేతి కసరత్తుకు ఆస్పత్రికి రమ్మంటే రాడు. నువ్వన్నా చెప్పు.”

ఈరన్న నా వైపు చూడలేదు. “పద్యం పాడేటోడు పైకి ఎత్తుకున్న్యాడంటే పెట్టె వాని వెనకాలే పరిగెత్తల్ల. ఈ వేళ్లు నడవను గూడా ల్యావు. దీనికి నువ్వేం నేర్పిస్తావు?”

మొదట నేను అందరూ చేసే పనే చేశాను. ఆయనకు బాగా వచ్చిన వరసలనే నిదానంగా వాయించమన్నాను. ఎడమచేత్తో పెట్టె వెనక గాలి తిత్తి బాగానే ఊదుతున్నాడు. కుడిచేయి మాత్రం రెండో స్వరం దగ్గరే చిక్కుకుపోయేది. అలా కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు తిత్తి మూసేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

“వాడు నన్ను ఎక్కిరిస్తాండాడు టీచరమ్మా.”

“ఎవరు, అన్నా?”

“పాత ఈరన్న.”

ఆ రాత్రంతా ఆ మాటే మనసులో మెదిలింది. ఆయన ఏ వరస ఎత్తుకున్నా, దాన్ని ఒకప్పుడు ఎలా వాయించాడో ఆయన చెవికి గుర్తుంది. కాబట్టి పాత ఈరన్న ఎప్పుడూ వాయించని సంగీతం కావాలి. అది నా దగ్గర ఉంది.

మరుసటి క్లాసులో కీబోర్డు మీద స, రి, గ మూడే స్వరాలు తిప్పుతూ పోయాను. ఆయన కాసేపు ఓపిక పట్టాడు.

“ఇది పాటేనా? బోరు మోటరు ఆడినట్లుండాది.”

“మోటరు శబ్దం మారితే నీకు తెలుస్తాదా అన్నా?”

“తెలీకుండా యాడికి పోతాది? నీళ్లు తగ్గినాయంటే ఇంట్లో పండుకుని చెప్తా.”

“అట్లనే విను. పాట ఎప్పుడు మొదలైతాదా అని చూడొద్దు. ఏం మారిందో అది విను.”

మళ్లీ వాయించాను. మధ్యలో ఒకచోట ‘గ’ వదిలేశాను. ఆయన తల చటుక్కున లేచింది. “ఆడ ఒకటి మింగినావు,” అన్నాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

తర్వాత ఆయన పెట్టె మీద అవే మూడు స్వరాలు పెట్టుకున్నాడు. ఈ సంగీతంలో ఫేజింగ్ అనే పద్ధతి ఉంది. ఇద్దరు ఒకే ముక్కను వాయిస్తారు, కానీ ఒకరి వేగం కొంచెం తక్కువ. కలిసి మొదలైన స్వరాలు మెల్లగా విడిపోయి, ఒకదానికొకటి అడ్డం పడుతూ కొత్త వరసలు పుట్టిస్తాయి. చివరికి మళ్లీ కలుస్తాయి. నేను నా వేగంలో పోతున్నాను, ఆయన తన వేగంలో వస్తున్నాడు.

“నేను వెనకబడినా,” అని ఆగిపోయాడు.

“ఆగొద్దన్నా. నువ్వు వెనకబడితేనే ఇది సంగీతమయ్యేది. నువ్వు నాతో సమానంగా వచ్చినావంటే ఈడ ఏమీ ఉండదు.”

నమ్మలేనట్టు చూసి మళ్లీ తిత్తి ఊదాడు. రెండు వాద్యాల మధ్య ఎవరూ వాయించని ఒక వరస వినబడసాగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ వారం నుంచి కసరత్తుకు కూడా వెళ్తున్నాడని లక్ష్మక్క ఫోన్ చేసి చెప్పింది. మిగతా వేళ్లు కదల్లేదు. కదిలే మూడింటికి మాత్రం పట్టు వచ్చింది.

చలికాలంలో మా పిల్లల కచేరీ బుక్కరాయసముద్రంలో ఒక చిన్న హాల్లో పెట్టాను. చివర్లో ఈరన్నా నేనూ. ఆ సంగతి తెలిసి నాటకాల వాళ్లు వ్యాన్ మాట్లాడుకుని వచ్చారు. ముందు వరసలో ఓబులేసు కూర్చున్నాడు. ఈరన్న హార్మోనియం మీద ఏళ్ల తరబడి కృష్ణుడి పద్యాలు పాడినవాడు ఆయనే. జనాన్ని చూసి ఈరన్న పెట్టెను తన దగ్గరికి లాక్కున్నాడు. ఈయన పరువు నా చేతుల్లో పోతుందేమోనని నా భయం.

మొదలుపెట్టాం. కాసేపటికి వెనక నుంచి ఎవరో “ఏమప్పా, పద్యం ఎప్పుడు?” అన్నారు. కొందరు నవ్వారు. ఓబులేసు వెనక్కి తిరిగి, “నోర్మూసుకుని వినప్పా,” అన్నాడు. స్వరాలు విడిపోవడం మొదలైంది. హాలు మెల్లగా సద్దుమణిగింది.

అప్పుడు ఈరన్న మధ్యవేలు ‘గ’ మీద బిగుసుకుపోయింది. స్వరం అలాగే మోగుతోంది. ఆయన నా వైపు చూశాడు. నేను ఆపకుండా ఆ ‘గ’ చుట్టూ నా స్వరాలను తిప్పాను. ఆయనకు అర్థమైంది. వేలు వదులైన తర్వాత కూడా తీయలేదు. తిత్తి నిండుగా ఊది, ఆ స్వరాన్ని హాలంతా నింపి, తనకు ఇష్టమైనప్పుడు ‘స’ మీదికి దిగాడు. నేనూ సరిగ్గా అక్కడే దిగాను. అది మేం సాధన చేసింది కాదు. ఆ క్షణంలో దారి చూపించింది ఆయనే.

ఇద్దరం ఆ ‘స’ మీదే ముగించాం. ఓబులేసు లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి అరిచాడు.

“వన్స్ మోర్!”

పద్యనాటకంలో అంతకంటే పెద్ద గౌరవం లేదు. పద్యం నచ్చితే జనం అలా అరిచి మళ్లీ పాడించుకుంటారు. హాలంతా ఆ కేక అందుకుంది. ఈరన్న భుజం మీది టవల్‌తో ముఖం తుడుచుకుని నా వైపు వంగాడు.

“ఇన్నేండ్లు వన్స్ మోర్ పాడేటోళ్లకే వచ్చె టీచరమ్మా. ఇది నాదే.”

“నీదే అన్నా. పట్టు.”

మళ్లీ వాయించాం. ఈసారి ముందు ఆయనే ఎత్తుకున్నాడు.

ఇప్పుడు ఆ నాటకాల్లో పద్యాలకు వేరే ఆయన వాయిస్తాడు. తెర లేవకముందు మాత్రం ఈరన్న పెట్టె ముందు కూర్చుంటాడు. శనగచేలు కోసి అలసిపోయి వచ్చిన జనం ఆ మూడు స్వరాలు వింటూ చాపలు పరుచుకుంటారు. దానికి మినిమలిజం అని పేరుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఈ సంగీతం ఎక్కడ మొదలుపెట్టాలని కొత్తవాళ్లు నన్ను అడుగుతుంటారు. మీ చేతికి ఈరోజు ఏ స్వరాలు అందుతాయో వాటితో మొదలుపెట్టండి, అవి మారేదాకా వినండి అంటాను. టీచరుగా నా మొదటి ప్రశ్న కూడా మారింది. ఏమేం రావని ఇప్పుడు ఎవరినీ అడగను. వచ్చింది వాయించమని, చెవి పెట్టి కూర్చుంటాను.