పళ్లెం బియ్యం, ఓబులేసు సారు బడి

గురువారం ఉదయం కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లోని మా కొట్టుకు ఫోను వచ్చింది: ఓబులేసు సారు పరమపదించారు. మొన్ననే వచ్చి, పలకల ధర మీద నాతో బేరమాడి, గెలిచి వెళ్లిన మనిషి!

ప్రొద్దుటూరు అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి. ఎవరు ఏ పుణ్యకార్యం చేసినా అందులో లాభమేమిటని వెతకడం నా జన్మసంస్కారం. అల్ రాయ్ వర్క్‌షాపులో వారమంతా విడిభాగాలు సర్ది, సెలవునాడు మన పిల్లలకు తెలుగు నేర్పే ఈయనకు ఏం గిట్టుతుందో అంతుపట్టేది కాదు. అడిగితే, “నీ తక్కెడలో తూగే సరుకు కాదులే శెట్టీ” అని నవ్వేవారు.

అవి తొంభైలో ఇరాకీ సైన్యం కువైట్ మీద దండెత్తిన రోజులు. బియ్యానికి కటకట. మా బిల్డింగులోని డ్రైవరు కుటుంబం మర్నాడు జోర్డాన్ వైపు బస్సెక్కుతోంది. చిన్నపిల్ల పద్మకు ఇంకా అక్షరాభ్యాసం కాలేదు.

“దారిలో ఏమైతాదో, ఏ దేశంలో పడతామో సారూ. బిడ్డ చేతికి మన అక్షరం తగిలితే సాలు” అని తల్లి కన్నీరు పెట్టుకుంది. సారు నేరుగా నా దగ్గరికి వచ్చారు.

“పళ్లెం నిండా బియ్యం పెట్టు, శెట్టీ.”

“ఇసుకలో రాయించు సారూ. సుట్టూ ఎడారే గదా!”

“సరస్వతిని ఇసుకలో కూర్చోబెడతావా?”

“పోనీ, సగం పళ్లెం?”

“నిండుగా. అయినాంక వండుకొని అందరం తిందాం. నువ్వూ తిందువులే.”

ఆ చివరి మాటకు పడిపోయాను. దాచుకున్నదంతా వంపాను.

సారు పిల్ల వేలు పట్టుకొని ఓనమాలు దిద్దిస్తుండగా సైనికులు తనిఖీకని తలుపు తోసుకొచ్చారు. వాళ్ల కంటికి కనబడింది బియ్యమే. ఒకడు సంచి తెరిచి పట్టాడు. “మద్రసా, బడి ఇది” అంటూ సారు ఒక చేయెత్తి ఆగమన్నారు; రెండో చేయి పిల్ల వేలు వదల్లేదు. అక్షరం పూర్తయ్యాకే, పళ్లెం తామే ఎత్తి ఆ సంచిలో వంచారు.

“పాయె సారూ, మన అన్నం!”

“పోనీలే. బిడ్డకు వచ్చింది గదా.”

ఆ పూట ఎండిన రొట్టెలు నీళ్లలో ముంచుకు తిన్నాం. పద్మ తడివేలితో నేలమీద అదే అక్షరం మళ్లీ రాసింది. చూస్తూ సారు తినడం మరిచిపోయారు. ఆ ముఖంలోని తృప్తిని నేటికీ నేను వెలకట్టలేను.

యుద్ధానంతరం ఊరినుంచి తిరిగొచ్చి, కడదాకా ఆ బడి నడిపిన ధన్యజీవి ఆయన. ఆ లోటు పూడ్చేవారు మాలో లేరు.

పార్థివదేహాన్ని ఊరికి పంపిన నాడు, పెట్టె మీద పేరు అరబ్బీలో, ఇంగ్లీషులో మాత్రమే ఉంది. “ఖలాస్, యల్లా!” అని, ఇక చాలు కదలమని కార్గో మనిషి తొందరపెడుతున్నా, ఆయన శిష్యురాలొకామె పెన్ను తీసి కింద తెలుగులో రాసింది: ఓబులేసు సారు. మేమందరం ఆ అక్షరాలకే చేతులు జోడించాము.