తాళాల మాస్టారూ, రెండు మందులూ

తాళాల మాస్టారంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లుగా మెట్ల కింద గదిలో కూర్చుని, మొరాయించిన తాళాలను బుజ్జగించి తెరిపించేవాడు. కళ్లకంటే వేళ్లనే ఎక్కువ నమ్మేవాడు. అలాంటివాడికి పెద్దపేగులో క్యాన్సర్ బయటపడింది. అది అప్పటికే కాలేయానికి పాకింది. రెండు వారాలకోసారి ఆస్పత్రికి వెళ్లి మందు ఎక్కించుకోవడమే పనైపోయింది.

మందు ఒకటి కాదు. ఒకటి అక్కడే కుర్చీలో రెండు గంటల్లో ఎక్కేది. ఇంకోటి నడుముకు కట్టిన చిన్న పంపులోంచి రెండు రోజులపాటు చుక్కచుక్కగా దిగేది. ఆ పంపుతోనే ఇంటికి వచ్చేవాడు. "రెండూ కలిస్తేనే జబ్బు లొంగుతుంది" అంది డాక్టరమ్మ. ఆయన తల ఊపాడు గానీ, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

మొదటి విడత తర్వాత తాళంచెవి పట్టుకోగానే వేళ్లు జివ్వుమన్నాయి, కరెంటు కొట్టినట్టు. చల్లనిది ఏది తగిలినా అంతే. భార్య తాళంచెవులన్నీ గుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని వెచ్చబెట్టి ఇచ్చేది.

"పిల్లికూనల్ని సాకినట్టు సాకుతున్నావే!" అని నవ్వేవాడు.

ఎనిమిదో విడతకి ఆ నవ్వు పోయింది. వేళ్లు మొద్దుబారాయి. గుండీ కాజాలో దూరిందో లేదో వంగి చూసుకుంటే తప్ప తెలిసేది కాదు.

డాక్టరమ్మ స్కాను చూసి, "కాలేయంలో గడ్డలు సగానికి తగ్గాయండీ. ఇక మొదటి మందు ఆపేద్దాం. పంపు మందు మాత్రం ఉంటుంది" అంది.

"తగ్గుతుంటే ఆపడమేంటమ్మా? ఇక లాభం లేదని అలా చెప్తున్నారా?"

"కాదండీ. వేళ్లకి తిమ్మిరి దానివల్లే. ఇంకా ఇస్తే అలాగే ఉండిపోవచ్చు."

"అంటే జబ్బు తగ్గించిందీ అదే, చేతులు చెడగొట్టిందీ అదేనా?"

"జబ్బు తగ్గించింది రెండూ కలిసి. తగ్గినదాన్ని పెరగకుండా పట్టి ఉంచడానికి ఇప్పటికి పంపు మందు చాలు."

బస్సులో భార్యని పదిసార్లు అడిగాడు. "ఇంతకీ ఆవిడ చెప్పింది మంచి మాటా, చెడ్డ మాటా?"

"నాకూ సగమే అర్థమైంది. ఆ సగం మంచిదే" అంది ఆమె కిటికీలోంచి చూస్తూ.

మందు ఆపాక తిమ్మిరి తగ్గాలి కదా? మరో రెండు నెలలు పెరిగింది! ఆపేసిన మందు ఇంకా ఎలా పనిచేస్తోందో ఆయనకు అంతుపట్టలేదు. మందు ఆపాక కూడా కొందరికి కొన్నాళ్లు అలా పెరుగుతుందని నర్సు చెప్పినా మనసు కుదుటపడలేదు. ఆ తర్వాత మెల్లగా కుడి బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ తిరిగొచ్చింది. మిగతావి ఇంకా రాలేదు. గడ్డలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, పెరగలేదు.

ఇప్పుడు పంపు లేని రోజుల్లో ఉదయం పూట కొట్టు తీస్తున్నాడు. ఎవరైనా "ఒంట్లో ఎలా ఉంది మాస్టారూ?" అంటే బొటనవేలితో చూపుడువేలిని ఒకసారి రుద్ది చూసుకుంటాడు.

"బాగుందనే అంటున్నారు" అంటాడు.