కణం పైపొర మీది గుర్తు

మా పైవాటాలో కిరాయికుండే ల్యాబ్ మాస్టారు మొన్న ఆదివారం పోయారు. ఆరాధన మధ్యలో ఫోన్ వచ్చింది. గొంతు చించుకుని వాక్యం చెప్పే నేను బైబిలు మూసి వేదిక దిగిపోయాను.

ఆయనది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ల్యాబులో ఇరవై ఏళ్లు రక్తం తీశారు. అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాకే రోగిని ముట్టుకునేవారు. నొప్పి ఉండదని పిల్లలకు కూడా చెప్పలేదు. "అబద్ధమాడి గుచ్చితే మళ్లీ చెయ్యి చాపరు" అనేవారు.

అలాంటి మనిషికి రక్త క్యాన్సర్ వచ్చింది, ఏళ్ల తరబడి సాగే రకం. ఒకసారి, విపరీతంగా పెరిగిన తెల్లకణాలు తగ్గాయని రిపోర్టు రాగానే, శుక్రవారం ప్రార్థన కూటంలో గ్రంథం పైకెత్తి "స్వస్థత! స్వస్థత!" అని కేకలు వేశాను. ఆయన భార్య మోకాళ్ల మీద పడి ఏడ్చింది. అందరూ వెళ్లాక మాస్టారు నెమ్మదిగా అన్నారు: "లెక్క తగ్గితే సరిపోదు బ్రదర్. కణం పైపొర మీద గుర్తులుంటాయి. సీడీ 38 అనే గుర్తు ఎక్కువ కణాల మీద కనబడితే జబ్బు తొందరగా ముదురుతుంది. ఆ పరీక్ష చేయించుకోవాలి."

రక్తం తీసిన రోజే తెలంగాణ బంద్ పడింది. కణాలు బతికుండగానే ఎల్బీ నగర్‌లోని పెద్ద ల్యాబుకు చేరాలి. ట్యూబు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇద్దరం నడిచాం. చౌరస్తాలో జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు ఆపారు.

"బంద్ల యాడికి సార్? గా డబ్బల ఏముంది?"

"నా రక్తం నాయనా. పరీక్షకి ఇవ్వాలి."

"యాసేందిర గిట్లున్నది? ఆంధ్రనా?"

ఇంకొకడు వాణ్ని కసిరాడు. "రక్తం తీస్కపోతుంటే ఊరడుగుతవేందిర? పోండి సార్, జర జల్దీ పోండి."

దాటాక మాస్టారు నవ్వారు. "ల్యాబులో నా కణాల్నీ ఇలాగే ఆపి గుర్తు అడుగుతారు బ్రదర్."

రిపోర్టు వచ్చింది. గుర్తు ఉంది. చాలా కణాల మీద ఉంది.

"తెలిసింది కదా, మందు మారుస్తారా?" అన్నాను.

"ఇప్పుడేం మార్చరు. టైము తక్కువని తెలిసింది, అంతే. మా ఆవిడ నా మాట నమ్మట్లేదు. స్వస్థత అన్నది మీరు. కాదని మీరే చెప్పండి. మిగిలిన రోజులు తెలిసి గడుపుతాం."

మూడుసార్లు మెట్లెక్కాను. "రండి అన్నయ్యగారూ, స్వస్థత దొరికిందని సంఘంలో సాక్ష్యం ఎప్పుడు చెప్పమంటారు?" అని ఆమె ఎదురొచ్చేది. ప్రార్థన చేసి దిగి వచ్చేవాణ్ని.

వాక్యం చేతపట్టి తిరిగే సోదరులారా, నా నోరు ఎంత పెద్దదో, ఎంత పిరికిదో మీకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

సమాధి కార్యక్రమం ముగిశాక ఆమె అడిగింది: "స్వస్థత అయిపోయిందన్నారుగా అన్నయ్యగారూ. మరి దేంతో పోయారు?"

అప్పుడు ఆ గుర్తు సంగతి చెప్పాను. చివరిదాకా విన్నది.

"ఈ సంగతి మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"పోయినేడు వేసవి నుంచి."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టసాగింది. ఒక చెయ్యి అయిపోయింది. రెండోదీ అయిపోయింది. మళ్లీ మొదటి చేతికి వచ్చింది.