జెర్రిపోతు తిండి మానేసిన కార్తీకం

మా అత్తవారింట్లో పామును పెంచారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే మానండి. పందొమ్మిది వందల అరవైల మొదట్లో, నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వెళ్లిన కొత్త. ఎడ్లకు పెట్టే పత్తిగింజల కోసం కొట్టుగది నిండా ఎలుకలు చేరి, పక్కనున్న మిరపకాయల గోతాలు కూడా కొరికేసేవి. మా బావగారు ఒకరోజు దుక్కిలో నాగలికర్రు తగిలి గాయపడిన జెర్రిపోతును గంపలో వేసుకొచ్చి ఆ గదిలో వదిలారు. గాయం మానింది, ఎలుకలు తగ్గాయి, అది మాత్రం ఎక్కడికీ పోలేదు. గదిలో ఎలుకలు కరువయ్యాక, బోనులో పడ్డవాటిని మా తోటికోడలు తీసుకెళ్లి వేసేది.

ఆమెను నేను అక్కయ్యా అనేదాన్ని. పెళ్లయి చాలా ఏళ్లయినా కడుపు పండలేదు. ఎక్కని గుడి లేదు, పాలు పోయని పుట్ట లేదు. పెదకాకానిలో తడిబట్టలతో పొర్లుదండాలు కూడా పెట్టింది. ఆ పాము ఇంటికొచ్చిన ఏడాదే నెల తప్పింది. ఇంకేముంది! మాకది ఎలుకలు పట్టే జెర్రిపోతు, ఆమెకు సాక్షాత్తూ సుబ్బారాయుడు.

"నాగుపామన్నా కాదు కదే తల్లీ! జెర్రిపోతుకి పసుపూ కుంకాలేంటే?" అని మా అత్తగారు నవ్వేది.

"ఏ రూపంలో వస్తాడో మనకేం తెలుసత్తయ్యా" అనేది అక్కయ్య.

నాగులచవితినాడు మావైపు కత్తిపీట ముట్టుకోరు. ఆ పూట ఏం తరిగినా నాగన్నకు తెగుతుందని భయం. ఆ ఏడు పండగపూట చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగారు. ఆ హడావుడిలో అక్కయ్య ఒళ్లు మరిచి సొరకాయ తరిగేసింది. సగంలో గుర్తొచ్చి కత్తిపీట వదిలేసి చెంపలు వేసుకుంది. అంతటితో పోయినా బాగుండేది. మర్నాటి నుంచి పాము తిండి మానేసింది. ఎలుకను వదిలితే అది పాము వీపు మీదుగానే పరిగెత్తింది. పాము కదల్లేదు. అక్కయ్య దాని ముందు కోడిగుడ్డు ఉంచింది, కప్పను పట్టించి తెచ్చింది. ఊఁహూఁ.

తుఫాను వానలతో ఆ ఏడు చలి ముందే పడింది. చలికి పాములు తిండి తగ్గిస్తాయని పొలానికెళ్లే ప్రతివాళ్లకీ తెలుసు. ఆమెకూ తెలుసు. తెలిసి ఏం లాభం, మనసులో ఆ సొరకాయ తిష్ఠవేసింది. "అది ముట్టేదాకా నేనూ మెతుకు ముట్టను" అని కూర్చుంది. అప్పటికి ఐదో నెల. పల్చటి మజ్జిగ తప్ప ఏమీ పుచ్చుకునేది కాదు. బావగారు బతిమాలారు, అరిచారు, చివరికి కర్ర తీసుకుని కొట్టుగది వైపు వెళ్లారు. ఆమె వెళ్లి గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

"దాన్ని కొడితే నా బిడ్డని కొట్టినట్టే" అంది.

ఆయన కర్ర పారేసి అరుగు మీద కూర్చుని ఏడ్చారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి కళ్లు లోతుకుపోయి, గోడ పట్టుకుని నడుస్తుంటే, అందరూ దేవుడి మీద భారం వేసి చూస్తూ కూర్చోవడమా! ఒక మధ్యాహ్నం బోనులో ఉన్న ఎలుకను పెరట్లోకి తోలేసి, ఖాళీ బోను పట్టుకుని ఆమె దగ్గరికి పరిగెత్తాను.

"అక్కయ్యా, తినేసింది! నా కళ్లారా చూశా!"

"నిజంగా?"

"అమ్మతోడు!"

అబద్ధమే. ఇప్పుడైనా అదే ఆడతాను. ఆమె లేచి చూడబోతే, తిన్న పామును కదిలిస్తే కక్కేస్తుందని ఆపాను. పెసరపప్పు అన్నంలో నెయ్యి వేసి ముద్దలు కలిపి పెట్టాను. తింటూనే ఉంది, కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆ రాత్రికి మళ్లీ అడిగి పెట్టించుకుంది.

ఆ వారంలోనే నొప్పులొచ్చాయి. బండి కట్టుకుని గుంటూరు బయల్దేరాం. ఆసుపత్రి చేరకముందే దారిలో అంతా అయిపోయింది. మగపిల్లాడు, దక్కలేదు. "ఒంట్లో రక్తమే లేదు, ఈ మనిషికి తిండి పెట్టలేదా మీరు?" అని డాక్టరమ్మ మమ్మల్ని కేకలేసింది.

ఇంటికొచ్చిన రోజు, ఎవరు వద్దన్నా వినకుండా అక్కయ్య నేరుగా కొట్టుగదిలోకి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. గోతాల మూల పాము చుట్ట చుట్టుకుని ఉంది. పక్కటెముకలు బయటపడి, పొట్ట వీపుకు అంటుకుపోయింది. ఆమె దాన్నే చాలాసేపు చూసింది.

"ఆరోజు తినలేదు కదూ ఇది?"

నేను అటు తిరిగి గోతాలు సర్దబోయాను.

"చెప్పవే."

"తినలేదక్కయ్యా. నువ్వు చచ్చిపోతావని భయమేసింది" అని బావురుమన్నాను.

తిడుతుందనుకున్నాను. చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆ పని చేసినా నాకింత బాధ ఉండేది కాదు. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, నా తల నిమిరింది.

"నువ్వేం చేశావే పిచ్చిదానా" అంది. "నేనే ఆకలికి ఆగలేక నమ్మేశాను."